వెచ్చని వైపు

తడిగుడ్డ పిండి ముందు అద్దం తుడిచాడు జ్ఞానానందం. తర్వాత స్టీరింగు. ఆ తర్వాత, రోజూ వద్దనుకుంటూనే, చెయ్యి ఊరుకోక, స్టీరింగు పక్కన పలకలా నిలబడి ఉన్న తెరని కూడా తుడిచేశాడు.

తెరకి మెలకువ వచ్చింది. గుడ్డ వెళ్ళిన దారంతా బొమ్మలు మారిపోయాయి. మంచుపువ్వులాంటి బొమ్మ ఒకటి వెలిగింది. దాని పక్కనున్న అంకె మెట్లు దిగినట్టు గబగబా దిగిపోయింది. గాలికన్నాలు నాలుగూ ఒక్కసారిగా బుసకొట్టాయి. జ్ఞానానందం గుడ్డ వెనక్కి లాక్కుని నాలుగువైపులా చూశాడు. ఎవరూ చూడలేదు. అంతవరకూ మేలే. మొన్న ఇలాగే తుడిస్తే బాబుగారి వియ్యంకుడికి ఫోను వెళ్ళింది. "హలో! హలో!" అంటూ కారంతా వియ్యంకుడై మోగుతుంటే, ఇతను బయట చెప్పుల్లేకుండా నిలబడి, ఆ పెద్దమనిషి విసిగిపోయి తనంతట తాను పెట్టేసేదాకా ఊపిరి బిగబట్టాడు.

ఇంజను ఆపకుండా తుడవడం పాతకారు నేర్పిన అలవాటు. దాన్ని ఒకసారి ఆపితే మళ్ళీ మనసొచ్చేదాకా లేచేది కాదు. ఆ కారు గురించి నరసన్నపేటలో చెప్పుకునే వాటిలో సగం నిజం. మిగతా సగం అంతకన్నా నిజం. దాని హారను కొడితే కళింగపట్నంలో పడవలవాళ్ళు ఓడొచ్చిందని లేచి కూర్చునేవారట. వంశధార పొంగినప్పుడు రోడ్డు దాటబోయి నీళ్ళలో తేలి, గుండ్రంగా రెండు చుట్లు తిరిగి, సరిగ్గా ఇంటివైపు మొహం పెట్టి ఒడ్డెక్కిందట. లోపల కూర్చున్న జగన్నాధంగారు, అంటే బాబుగారి నాన్న, ఆ ఇంటి పెద్దాయన, పంచె అంచయినా తడవకుండా దిగారట. సాక్ష్యానికి ఆయన ఇప్పుడు లేరు. జ్ఞానానందం ఉన్నాడు గాని, అడిగితే నవ్వుతాడు తప్ప కాదనడు.

ఆ కారులో ప్రతి పనికీ ఒక బుడిపె ఉండేది. లైటుకొకటి, తుడుపుకర్రలకొకటి, రేడియోకొకటి. చూపు రోడ్డు మీద ఉండగానే చెయ్యి వెళ్ళి, తన పిల్లల చెవుల్ని పట్టుకున్నట్టు పట్టుకుని తిప్పి వచ్చేది. ఏసీ బుడిపె ఎప్పుడో విరిగిపోతే, పెద్దాయన తలనొప్పి మందు సీసా మూత ఒకటి దానికి బిగించాడు జ్ఞానానందం. పచ్చటి చిన్న మూత, అంచున గాట్లు. దాని నెత్తిన పెద్దాయన భార్య లక్ష్మీనరసమ్మ కోడలి గోళ్ళరంగుతో ఒక ఎర్ర గీత గీసింది. గీత ఎడమకుంటే చల్లన, కుడికుంటే వెచ్చన.

పాతకారుని తుక్కులవాడు తాడు కట్టి లాక్కుపోయిన రోజున జ్ఞానానందం ఆ మూత ఊడదీసి జేబులో వేసుకున్నాడు. కొత్తకారు తెర కింద సరదాకి అంటించి చూశాడు కూడా. పెద్దాయన కొడుకు త్రినాథ్ అది చూసి, "ఏటిది జ్ఞానం, దిష్టిబొట్టా?" అని నవ్వుతూ గోటితో గీకి తీసి అతని చేతిలో పెట్టాడు. అప్పట్నుంచి అది మళ్ళీ జేబులోనే.

త్రినాథ్ చెడ్డవాడు కాదు. తెర సంగతంతా పక్కన కూర్చోబెట్టుకుని మూడుసార్లు చెప్పాడు. చెప్పినప్పుడల్లా జ్ఞానానందం తల ఊపాడు. అసలు చిక్కు తలలో లేదు, వేళ్ళలో ఉంది. కుర్రతనమంతా నౌపడ ఉప్పుమళ్ళలో పార పట్టిన వేళ్ళవి. కొనలు బండబారి గీతలు చెరిగిపోయాయి. రేషను కొట్లో వేలిముద్రల మిషనే అతన్ని మనిషి కాదంటుంది. ఇక ఈ తెర ఎంత నొక్కినా, గోడని నొక్కినట్టే. వేలు నాలిక మీద తడి చేసుకుంటే మాత్రం వింటుంది. అయితే ఒకటి నొక్కితే పక్కది వింటుంది. వేలు నాకి బాబుగారి కారుకి పూయడం ఎవరైనా చూస్తే? అందుకని కారొచ్చినప్పట్నుంచి అద్దాలన్నీ దించి నడుపుతున్నాడు. అద్దాలకి ఇంకా బుడిపెలున్నాయి, దేవుడి దయ. "బయటి గాలి మంచిది బాబూ," అంటాడు. త్రినాథ్ ఒకసారి, "నీకు రాకపోతే సెప్పు, విశాఖపట్నం నుంచి ఎవడినో ఒకణ్ణి తెద్దాం. నువ్వు ఇంటికాడే ఉందువు," అన్నాడు. ఆ మాట మర్యాదగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. అప్పుడు లక్ష్మీనరసమ్మే లోపల్నుంచి అరిచింది.

"జ్ఞానానికి రాని బండేటుందిరా? ఆడు నేర్సుకుంతాడు. నానెక్కితే జ్ఞానం బండే ఎక్కుతాను."

ఇవాళ ఆమె శ్రీకూర్మం వెళ్తుంది. ఏటా శ్రావణంలో ఒకసారి భార్యాభర్తలిద్దరూ వెళ్ళేవారు. ఆయన పోయాక కూడా ఆమె మానలేదు. చేతికర్ర తాటిస్తూ వచ్చి ముందుసీట్లో కూర్చుంది. వెనక కూర్చుంటే ఆమెకి కడుపులో తిప్పుతుంది.

"ఒరే జ్ఞానం, నీ యేసయ్యకి సెప్పొచ్చేవా, మా కూర్మనాథుడి కాడికి పోతన్నానని?"

"సెప్పేనమ్మా. జాగర్తగా దించి రమ్మన్నాడు."

వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. వాన లేదు. అద్దాలు దించి ఉన్నాయి. లోపలి చల్లగాలి లోపలికొస్తూనే బయటికి పోయింది. శ్రీకాకుళం దాటేదాకా ఆమె వరిచేలు చూస్తూ, ఎవరి పొలం ఎవరు అమ్ముకున్నారో, అమ్మినవాళ్ళని తిడుతూ వెళ్ళింది.

ఆమె గుళ్ళోకి వెళ్ళాక జ్ఞానానందం తలుపులు మూసుకుని తెరకి ఎదురుగా కూర్చున్నాడు. వేలు తడి చేసుకుని మంచుపువ్వు మీద పెట్టాడు. దారిపటం వచ్చింది. మళ్ళీ పెట్టాడు. పాట వచ్చింది. పాట ఆపబోతే ఒక ఆడగొంతు ఇంగ్లీషులో మర్యాదగా ఏదో అడిగింది.

"సల్లగా వొద్దే తల్లీ," అన్నాడతను మెల్లగా. "ముసలమ్మ ఎక్కుతాది. తగ్గించీయే."

ఆ గొంతు సారీ చెప్పింది. అది మాత్రం అర్థమైంది.

లక్ష్మీనరసమ్మ ప్రసాదం దొన్నె పట్టుకుని వచ్చి కూర్చున్నాక వాన మొదలైంది. మామూలు వాన కాదు, సముద్రాన్ని కుండల్తో ఎత్తి పోస్తున్నట్టు. అద్దాలు ఎత్తక తప్పలేదు. ఎత్తగానే చలి లోపల చిక్కుకుంది. ముందున్న గాలికన్నాల రెక్కలు చేత్తో మూశాడు. పైనుంచీ కాళ్ళ దగ్గర్నుంచీ కొట్టే గాలిని మూయడానికి రెక్కలు లేవు. అద్దం కాస్త దించి చూశాడు. వాన ఆమె ఒళ్ళో పడింది. మళ్ళీ ఎత్తేశాడు.

ఆమె చెంగు భుజాల చుట్టూ కప్పుకుంది. కాసేపటికి చెవుల మీదికి లాక్కుంది.

"సలేస్తన్నాదిరా."

"తగ్గిపోతాదమ్మా. వానకి అలాగే ఉంటాది."

బండికి వాన తెలుస్తుందా, చలి తెలుస్తుందా? తను ఎందుకలా అన్నాడో తనకే తెలియలేదు. ఆమె ముందుకి చూస్తూ కూర్చుంది. చేతికర్ర మీద వేళ్ళు వణుకుతున్నాయి. అతను రోడ్డు చూడాలి. ఆ వేళ్ళని చూస్తున్నాడు.

శ్రీకాకుళంలో టాక్సీలు ఆగేచోట టీకొట్టు ముందు కారాపాడు. ఆమెకి వేడిగా ఏదైనా పట్టిద్దామనుకున్నాడు. ఇంజను ఆపేస్తే చలి ఆగేది. మళ్ళీ లేపితే ఈ తెర ఇంకేం చేస్తుందోనని భయం. అందుకని ఆపకుండానే దిగి, రేకుల కింద నిలబడ్డాడు.

అక్కడ పోతురాజున్నాడు. నరసన్నపేటవాడే. క్లచ్చు ఏదో బ్రేకు ఏదో తెలియని రోజుల్లో జ్ఞానానందం దగ్గర నేర్చుకుని, ఇప్పుడు సొంత టాక్సీ నడుపుతున్నాడు. వాడి బండిలోనూ ఇలాంటి తెరే ఉంది. వాడి వేళ్ళు దాని మీద కోడిపిల్లల్లా తిరుగుతాయి.

"ఏటి మావా, కొత్తబండి! ఎలాగున్నాది?"

అదిగో, అక్కడ. ఒక్క మాట చాలు. "ఒరే పోతురాజూ, ఇలా వొచ్చి దీన్ని తగ్గించరా" అంటే వాడు తల లోపలికి పెట్టి, వేలు ఆనించి, తల బయటికి తీసేసేవాడు. టీ చల్లారేలోగా అయిపోయేది. జ్ఞానానందం నోరు తెరిచాడు. కొట్లో బెంచీ మీద మరో ముగ్గురు డ్రైవర్లు ఇటే చూస్తున్నారు. అందరూ అతన్ని ఎరుగుదురు. వంశధారలో కారు తేల్చినవాడు!

"ఏలు పెడితే సాలురా," అన్నాడు. "మాటింటాది."

"నీ మాట ఇననిదేటున్నాది మావా!" పోతురాజు బెంచీ వైపు తిరిగి గట్టిగా అన్నాడు. "ఇన్నారా? మా మావ ఇమానమిచ్చినా తోలెస్తాడు."

బెంచీ నవ్వింది. మంచి నవ్వే. అందులో వెటకారం పిసరంతయినా లేదు. జ్ఞానానందం టీ గ్లాసు పట్టుకుని వెనక్కి తిరిగాడు. కారు అద్దం సగం దించి ఉంది. వాన మొహాన కొడుతున్నా దాన్ని దించుకుని, లక్ష్మీనరసమ్మ అతనివైపే చూస్తోంది. ఆమె చెవులు పేటలో అందరికన్నా పదునైనవి.

గ్లాసు లోపలికి అందించాడు. టీ రెండు చేతులతో పట్టుకుని, తాగకముందు గ్లాసు బుగ్గకి ఆనించుకుంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

ఊరు దాటాక అడిగింది. "ఒరే, పాతకారు మూత ఏదిరా? ఎక్కడ పారీసేవు?"

అతను జేబు తడుముకున్నాడు. మూత తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తిప్పి చూసింది, గోళ్ళరంగు గీత మీద బొటనవేలు ఆడించింది. దొన్నెలోంచి నాలుగు ప్రసాదం మెతుకులు తీసి వేళ్ళ మధ్య మెత్తగా నలిపింది. పిల్లలు గాలిపటానికి కాగితం అంటించుకునేటప్పుడు నలిపినట్టు. ఆ జిగురు మూత అడుగున పూసి, తెర కింద నల్లటి నున్నటి చోట అంటించింది. వేళ్ళు వణకడం వల్ల మొదట వంకరగా అంటింది. సరిచేసింది.

తర్వాత దాన్ని కుడివైపుకి తిప్పింది, తడి మెతుకుల మీద అది మెత్తగా జారింది.

"ఇదిగో, ఎచ్చన ఎట్టేను," అంది. "ఇప్పుడు హాయిగా ఉన్నాదిరా. నువ్వు బండి సూడు."

పళ్ళు టకటకమంటున్నాయి ఆమెకి. అతను బండి చూశాడు. తుడుపుకర్రలు వానని తోస్తున్నాయి, వాన మళ్ళీ వస్తోంది. "అమ్మా, నాకు రాదు" అన్న మాట గొంతు దాకా వచ్చి, ఆ పచ్చటి మూతని చూసి ఆగిపోయింది. ఆమెకి తెలుసు. తెలిసిన మనిషికి ఇప్పుడేమని చెప్పాలి? తిడితే బాగుండేది. ఒరే అబద్ధాలకోరూ, నన్ను చంపేస్తావా అని చేతికర్రతో ఒకటి వేస్తే ఇంకా బాగుండేది. నరసన్నపేట వచ్చేదాకా ఆమె ఒక వేలు ఆ మూత మీదే ఉంచింది.

ఇంటి ముందు త్రినాథ్ గొడుగు పట్టుకుని వచ్చాడు. తల్లి చెయ్యి పట్టుకుని దించబోయి ఉలిక్కిపడ్డాడు.

"ఏటమ్మా ఇది! సేతులు మంచుగడ్డల్లాగున్నాయి!" తల లోపలికి పెట్టి చూశాడు. "పదహారా? ఈ వానలో పదహారేటి జ్ఞానం?"

జ్ఞానానందం నోరు తెరిచాడు.

"నానే ఎట్టమన్నానురా," అంది లక్ష్మీనరసమ్మ. "ఒంట్లో ఉడుకుగా ఉన్నాదని. ఆడు వొద్దన్నాడు. నానే ఇన్లేదు."

"నీకు బుద్ధుందేటే అమ్మా? ఈ వయసులో..."

"నేదు. నన్ను లోపలికి తీసుకెళ్ళు, తిట్టుకుందువుగాని."

కొడుకు ఆమెని పొదివి పట్టుకుని తీసుకెళ్ళాడు. గడప దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే జ్ఞానానందం మొహం చూడాల్సి వస్తుందని తిరగలేదు. అది అతనికి తెలిసింది. వానలో నిలబడ్డాడు. తన మీద పడాల్సిన మాటలన్నీ లోపల ఆ ముసలిదాని మీద పడుతున్నాయి. దుప్పట్లూ, కాపడమూ, కోడలి కేకలూ వినిపిస్తున్నాయి. ఎండగా ఉండుంటే ఎక్కడైనా నీడలోకి పోయేవాడు. వానలో మనిషి దాక్కునే చోటు ఉండదు.

కారుని షెడ్డులో పెట్టాడు. సీట్లు పొడిగుడ్డతో తుడిచాడు. దొన్నె తీశాడు. తెరని ముట్టుకోలేదు. మూత దగ్గరికి చెయ్యి వెళ్ళింది, వెనక్కొచ్చింది. అది ఆమె పెట్టినది.

వంటింటి గుమ్మం పక్కన మేకుకి తాళంచెవి తగిలిస్తుంటే, పనిమనిషి బుల్లమ్మ కుంపటి విసురుతూ తలెత్తింది.

"రేపు పెందలాడే వొస్తావేటి మావా? బాబు విజీనారం ఎల్తాడంట."

"రాను."

"ఒంట్లో బాగోనేదా?"

"ఆ బండి నాకు రాదే బుల్లమ్మా," అన్నాడు జ్ఞానానందం. పైకి అనడం అదే మొదటిసారి. అనుకున్నంత పెద్దగా ఏమీ లేదు ఆ మాట. "బాబుకి అలాగే సెప్పు. అమ్మ సెప్పింది నిజం కాదని కూడా సెప్పు."

బుల్లమ్మ విసనకర్ర ఆపి పకపకా నవ్వింది. "ఓలమ్మ! వొంశధారలో బండిని ఈత కొట్టించినోడికి బండి రాదంట!"

అతను కూడా నవ్వుదామని చూశాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, వాన నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ వీధిలోకి దిగాడు.

మర్నాడు త్రినాథే స్టీరింగు ముందు కూర్చున్నాడు. బుల్లమ్మ చెప్పిన మాట విని రాత్రి అన్నం సగంలో లేచాడతను. కబురు పంపితే జ్ఞానానందం ఇంట్లో లేడన్నారు. అమ్మకి రాత్రి వచ్చిన జ్వరం తగ్గింది గాని, కారు మాటెత్తితే అటు తిరిగి పడుకుంటోంది. త్రినాథ్ వేలు ఆనించి అంకెని పైకి జరిపాడు. ఒక్క క్షణం పట్టింది. ఆ తర్వాత తెర కిందకి చూసి, మొన్నటిలా గోటితో గీకబోయాడు.

ఊడలేదు. మెతుకులు రాయిలా ఎండిపోయాయి. పచ్చటి మూత, దాని మీది ఎర్రగీత వెచ్చని వైపుకి తిరిగి, అక్కడే అతుక్కుపోయి ఉంది.