కందిరీగలను చంపుతున్నదెవరు?

రిటైరైన డాక్టర్ సాంబశివరావు ఇంగ్లండ్‌లోని రీడింగ్ ఊరి శివార్లలో గ్లాస్‌హౌస్ కొని క్యాప్సికం వేశాడు. మొక్కలకు పేనుబంక పట్టింది. మందు కొట్టడం ఇష్టంలేక, ఆ పురుగుల ఒంట్లోనే గుడ్లు పెట్టి వాటిని చంపే చిన్న కందిరీగలను తెప్పించి వదిలాడు. కందిరీగలు ఎంత పెరిగితే పురుగు ఎంత తగ్గుతుందో లెక్కగట్టే కంప్యూటర్ మోడల్‌ను ఆయన్ని అంకుల్ అని పిలిచే, తెలిసినవాళ్ల అమ్మాయి నీలిమ తయారుచేసింది.

జూన్ దాకా అంతా మోడల్ చెప్పినట్టే నడిచింది. ఆ తర్వాత కందిరీగలు పలచబడ్డాయి, ఆకుల అడుగున పేనుబంక గుత్తులు కట్టింది. ఏ అంకె మార్చి చూసినా, కందిరీగలను ఏదో చంపుతోందనుకుంటే తప్ప లెక్క కుదరలేదు.

పురుగుమందే అయ్యుండాలి. మరి కొట్టిందెవరు? పంట చూసే అమరేందర్ మొదటినుంచీ ఈ కందిరీగలంటే పెదవి విరిచేవాడు. మొన్న షెడ్డు వెనక స్ప్రేయర్ కడుగుతూ, ఆమెను చూడగానే గబుక్కున కుళాయి కట్టేశాడు. అది గుర్తొచ్చాక అతను నవ్వినా ఏదో దాస్తున్నట్టే తోచింది.

మీటింగ్‌లో డాక్టర్ గారి ఎదుటే అడిగేసింది. "అమరేందర్ గారూ, మందేమైనా కొట్టారా?"

అతని ముఖం మాడిపోయింది. "నేనెందుకు కొడ్తనమ్మా? స్ప్రేయర్‌ల నీళ్లు పోసి అద్దాలు కడిగిన. నీళ్ల కరువని హోస్‌పైప్ బ్యాన్ ఉండె, ఎవరన్న ఏమన్న అంటరని నల్లా బంద్ చేసిన."

నీలిమ నమ్మలేదు. ల్యాబ్‌కు పంపాలని కొన్ని ఆకులు కోసి, డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చింది. పంపడం నాలుగు రోజులు ఆలస్యమైంది. తీరా చూస్తే డబ్బాలో ఏవో పాకుతున్నాయి. భూతద్దం పెట్టి చూసింది. వాళ్లు వదిలిన కందిరీగలు చచ్చిన పురుగు వీపున గుండ్రంగా కన్నం చేసుకుని బయటికొస్తాయి. ఇక్కడి కన్నాల అంచులు కొరికినట్టున్నాయి. ఇవి వేరే జాతివి. మంచి కందిరీగ పిల్లల మీదే గుడ్లు పెట్టి వాటిని తినేసే రకం. తెరిచిన కిటికీల్లోంచి వచ్చుంటాయి.

వాటిని కూడా మోడల్‌లో చేర్చింది. లెక్క కుదిరింది. అప్పటికీ మనసు ఊరుకోక, మిగిలిన ఆకులను ల్యాబ్‌కు పంపింది. మందు జాడ లేదన్నారు.

సిగ్గుతో షెడ్డు దగ్గరికి వెళ్లి, "తప్పుగా అనుకున్నానండీ..." అనబోయింది.

అమరేందర్ చెయ్యెత్తి ఆపాడు. "అడిగింది సార్ ముందట గద. ఇది గూడ ఆయన ముందటనే చెప్పు."

చెప్పింది. "తప్పు నాదే అంకుల్. అమరేందర్ గారు ఏ మందూ కొట్టలేదు."

డాక్టర్ గారు తలూపి, ఇక కందిరీగలు ఆపి, పేనుబంకను నేరుగా తినేసే అక్షింతల పురుగులను తెప్పిద్దామన్నారు.

అమరేందర్ ఆమె వైపు చూడలేదు. "ఎప్పుడొస్తయి?" అని మాత్రం అడిగాడు.

"గురువారం."

"పొద్దుగాలనే పంపమను. ఎండకు చస్తయి."