పోగు తెగిన చోట

చాయ్ తాగుతవా అని మూడుసార్లు అడిగినా వినిపించుకోని మామ, వంటింట్లో సకినాల డబ్బా మూత కదిలితే మాత్రం వాకిట్లోంచి లేచి వచ్చేస్తాడు. వందన చేసుకున్న పుణ్యం అలాంటిది. ఆయన పేరు విఠల్. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య, సిరిసిల్ల మాటలో సాంచెల మధ్య నిలబడ్డ చెవులు ఆయనవి. వాటిలో వినికిడి మిగిలిందే ఆఖరి పిసరు, అదీ దసరా దాకా ఉంటుందో లేదో అన్నాడు జగిత్యాల డాక్టరు.

వందనకు ఆ పిసరుతోనే పని పడింది.

ఇంటి షెడ్డులోని నాలుగు సాంచెలు పాత ఇనుము కింద పోకముందే మరిది శ్రవణ్ వాటి చప్పుడంతా ఫోనులో పట్టుకున్నాడు. ఏడాది పాటు లాప్‌టాప్ ముందు కూర్చుని, ఆ చప్పుడు మీద వయొలిన్లు, బాకాలు, గంటలు పేర్చి నలభై రెండు నిమిషాల ఆల్బమ్ చేశాడు. మాటల్లేవు. కోరుట్లలో డిగ్రీ చదివిన వందనకు కూడా మొదటిసారి మిక్సీ చెడిందేమో అనిపించింది. ఐదోసారికి అంట్లు తోమే చేతులు ఆగిపోయాయి. ముందు ఒక్క సాంచె. తర్వాత మిగతా మూడూ అందుకుంటాయి, దేని లెక్క దానిదే. కింద నుంచి ఏదో మంద్రంగా లేస్తుంది, ట్యాంకులో నీళ్లు నిండుతున్నట్టు. ఇరవయ్యో నిమిషంలో అన్నీ టక్కున ఆగి, ఒక్క సన్నటి స్వరం మిగులుతుంది.

ఆ తర్వాతది విఠల్ వినలేదు. సాంచెల చప్పుడు ఆగిందంటే పోగు తెగినట్టే. చూసుకోకపోతే బట్ట ఖరాబవుతుంది. అందుకే శ్రవణ్ మొదటిసారి వినిపించిన రోజు లేచి స్పీకర్ స్విచ్ ఆపేశాడు. ఆపి ఊరుకున్నా బాగుండేది.

"పోగు తెగుడు గూడ పాటేనారా? గిది పనికిరాదు" అన్నాడు.

శ్రవణ్ మళ్లీ ప్లే నొక్కలేదు. నెల తిరిగేసరికి షార్జాలో గోడౌన్ పనికి వెళ్లిపోయాడు. ఇంటర్నెట్‌లో ఆ ఆల్బమ్ ముప్పై ఒక్కసార్లు మోగింది. అందులో ఇరవై తొమ్మిది వందనవే. మొన్న మెసేజ్ పెట్టాడు: "వదినె, శుక్రవారం అది తీసేస్తున్న. ఎవలు వింటలేరు."

గురువారం మధ్యాహ్నం ఆమె హెడ్‌ఫోన్లు పట్టుకొచ్చింది.

"ఏందది?"

"డాక్టర్ సాబ్ పంపిన పరీక్ష మామా!" అని చెవిలో అరిచింది. "నలభై రెండు నిమిషాలు. నడుమ లేస్తే మళ్ల మొదటికెల్లి పెట్టాల్నట."

"గంత పరీక్షేంది? నన్నేమన్న కలెక్టర్‌ను జేస్తరా?"

"పాసైతే చూద్దాం. కూసో."

మోత పూర్తిగా పెంచింది. కాసేపటికి విఠల్ పాదం ఆడింది.

"మూడో సాంచె. దీని నాడె కుంటుతది" అన్నాడు. దారం మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే ఆ నాడె కుంటు ఆయనొక్కడికే తెలుసు.

అన్నీ ఆగాయి. చేయి గాలిలోకి లేచింది, లేని సాంచెను ఆపడానికి. వందన ఆ చేతిని పట్టుకుంది. ఆ సన్నటి స్వరం ఆయనకు అందదని ఆమెకు తెలుసు. ఆయన వరకు అది ఉత్త నిశ్శబ్దమే. అయినా కూర్చున్నాడు. అప్పుడొచ్చాయి నాలుగు సాంచెలు, ఈసారి ఒకే లెక్కలో, వయొలిన్లన్నీ నెత్తిన మోసుకుని. ఆమె వేళ్లు ఆయన పిడికిట్లో నలిగిపోయాయి.

అంతా అయ్యాక హెడ్‌ఫోన్లు తీశాడు. "ఇది పరీక్ష గాదు."

"కాదు మామా."

"పోరడు జేసిందేనా?"

ఆమె తలూపి, వెంటనే ఫోన్ కలిపింది.

"రేపటిదాంక ఎందుకని పొద్దుగాల్నే తీసేసిన వదినె" అన్నాడు శ్రవణ్. "లాప్‌టాప్‌ల గూడ లేదు."

"నా ఫోన్ల ఉన్నది గదా!"

"ఉండనీ. నాకద్దు. ఇంకో రెండేండ్లకు సంతకం వెట్టిన."

"ఒక్క నిమిషం ఆగు, మామ మాట్లాడ్తడు..."

"సూపర్‌వైజర్ పిలుస్తుండు వదినె."

ఫోన్ కట్టయింది. విఠల్‌కు అదేదీ వినపడలేదు. ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. చెవుడున్నవాళ్ల గొంతుతో, వాడకట్టంతా వినేలా అరిచాడు:

"శ్రవణ్! పోగు తెగలేదురా కొడుకా. నేనే ఆగమాగం ఆపిన. తప్పు నాదే."