చేతికందే కొండ

చంద్రప్ప పసుపుపచ్చ ఎనామిల్‌లో కాస్త టర్పెంటు పోసి పుల్లతో తిప్పాడు. ఏదో ఆటో వెనక సూర్యోదయం వేయడానికి కొన్న డబ్బా అది. పక్కన బడి గోడకు వేయగా మిగిలిన నీలం డిస్టెంపర్, బండలు పాలిష్ చేసే చోటు నుంచి తెచ్చిన బూడిదరంగు రాతిపొడి ముద్ద ఉన్నాయి. తాండూరులో ముప్పై ఏళ్లుగా రేకుల మీద, బండల మీద, గుడ్డల మీద కొండలూ వాగులూ వేస్తున్నవాడు, సొంత ఇంటి గోడకు రంగు పెట్టడం ఇదే మొదలు.

గోడవారగా మంచం మీద అతని భార్య మొగులమ్మ దిండ్లకు ఒరిగి ఉంది. పాలిష్ పనిలో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నాలుగు మాటలంటే ఒకసారి ఆగాలి.

పరంజా మీంచి పడి చంద్రప్ప కుడిచెయ్యి విరిగిన ఏడాది ఆమె మొక్కుకుంది. చెయ్యి మళ్లీ పనికొస్తే అనంతగిరి పద్మనాభస్వామి గుడి మెట్లన్నిటికీ తన చేత్తో పసుపుబొట్లు పెడతానని. చెయ్యి వచ్చింది. పని మీద పని వచ్చింది. రైలెక్కితే అనంతగిరి ఉన్న వికారాబాదు ఎంతో దూరం కాదు గానీ పోవడం మాత్రం కుదరలేదు. ఇప్పుడామె గడప దాటలేదు.

“గోడ మీద ఏస్త. ఈడనే పెట్టు బొట్లు,” అన్నాడు నిన్న. అది మొక్కు కిందికి వస్తుందా అని అడగడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నానికి గోడ నిండింది. వానకు తడిసిన అడవి, ఎర్రమట్టి బాట, మంచులో నీలం కొండ, కొండ మీదికి మెట్లు, పైన దూలాన్ని తాకుతూ గుడి. ఇంత మంచి బొమ్మ తానెన్నడూ వేయలేదని చంద్రప్పకు తెలుసు.

“మస్తుంది,” అంది మొగులమ్మ. “నెమలిని పెట్టలే, గదే నయం. ఆటోకేసినట్టు ఏస్తవనుకున్న.” నవ్వబోతే దగ్గు తెర కమ్మింది. తేరుకుని చెయ్యి చాచింది. మూడో మెట్టు దగ్గరే వేళ్లు ఆగిపోయాయి. “పైకి అందుతలేదయ్యా.”

బొమ్మలో దూరం కనబడాలంటే మెట్లు పైకి పోయేకొద్దీ చిన్నవి కావాలి, గుడి ఎక్కడో ఎత్తున ఉండాలి. అది చేతికి పట్టిన అలవాటు. ఆమె చెయ్యి ఎంతవరకు పోతుందో అతను చూసుకోలేదు.

“లేపి పట్టుకుంటనే.”

“ఊపిరాడదు.”

చంద్రప్ప సున్నం బకెట్ తెచ్చాడు.

“గంత మంచిగున్నది, చెరపకయ్యా!”

“మల్ల ఏస్త తియ్యే.”

పెద్ద కుంచెతో గుడినీ మంచునూ నీలం కొండనూ కప్పేశాడు. దిండు ఎత్తులో ఇంకో గుడి వేశాడు. మెట్లన్నీ ఒకే కొలత, పిల్లలు పలక మీద గీసినట్టు.

మొగులమ్మతో కలిసి పాలిష్ పని చేసిన పక్కింటి రెబెక్క గంజి తెచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. “ఏందన్నా, కొండ గిట్ల కుంగింది?”

“మీ వదినె కోసం దిగొచ్చింది.”

రెబెక్క గంజి పక్కన పెట్టి, వేరే గిన్నెలో పసుపు తడిపి ఇచ్చింది. మొగులమ్మ వేలు ముంచి మొదటి మెట్టుకు పెట్టింది. ఒక బొట్టు, కాసేపు ఊపిరి. మళ్లీ బొట్టు. చంద్రప్ప అటు తిరిగి కుంచెలు కడుగుతున్నాడు.

“అన్నా,” అంది రెబెక్క, మెల్లగా.

మొగులమ్మ చెయ్యి గోడకు ఆనుకునే ఉంది, ఊపిరి మాత్రం లేదు. గుడి గడప ముందర రెండు మెట్లు మిగిలిపోయాయి.

చంద్రప్ప కుడిచేతి వేలు గిన్నె దాకా పోయి ఆగింది. ఆమె మొక్కింది ఈ చెయ్యి కోసమే. మిగిలిన మొక్కు ఈ చెయ్యే తీరిస్తే స్వామి ఒప్పుకుంటాడా? ఎవరినడగాలో తెలియలేదు. వేలు వెనక్కి తీసుకున్నాడు.

పొద్దుగూకే వేళకు మంచం బయటికి తీశారు. గోడవారగా నేల మీద గిన్నె ఒక్కటే మిగిలింది. పసుపు ఎండి గట్టిపడింది. నడుమ, ఆమె వేలు ముంచినంత గుంట.