బతికున్న మనిషి పటానికి దండ

నాది పటాలు కట్టే అంగడి. ప్రొద్దుటూరులో బంగారంగళ్ల వీధి దాటి ఎడమకు తిరిగితే మూడోది. ఇరవై రెండేళ్లుగా దేవుళ్లకూ, పోయినవాళ్లకూ, నాయకులకూ అద్దాలు బిగిస్తున్నాను. నా అంగడికి ఒకటే చట్టం. బతికున్న మనిషి పటానికి దండ వెయ్యను, బొట్టు పెట్టను. వేశామంటే ఆ మనిషి పోయినట్టే లెక్క, ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. పోయిన ఎలక్షన్లప్పుడు సైకిలు పార్టీ కుర్రాళ్లు రామారావు పటం తెచ్చి చందనం మాల వెయ్యమన్నారు. "మీ నాయకుడు నాలుగు కాలాలు బతకాలని లేదేంరా మీకు?" అని తిట్టి పంపించాను.

నాకు కోపం ఎక్కువని మా బావమరిది రామాంజులు ఊరంతా చెబుతాడు. వాణ్ని రోజూ భరించేవాడికి కోపం రాక ఏం వస్తుంది? పక్కనే వాడి బట్టల అంగడి. పది గంటలకు కొడుకును గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి నా అంగట్లోకి వస్తాడు. నా పేపరు చదువుతాడు, నా టీ తాగుతాడు, నన్నే తిడతాడు. వాడికి ఇందిరమ్మ తప్ప ఈ దేశంలో ఇంకో మనిషి పుట్టలేదు.

ఈ ఎనభై ఆరులోనే, మాఘమాసం, ఒక గురువారం. ఆ పొద్దు కూడా అదే రభస.

"బ్యాంకులు పేదోళ్లకు తెరిసిందెవరు బావా? యుద్ధం గెలిసిందెవరు?" అన్నాడు రామాంజులు, టీ గ్లాసు పెట్టి నా అద్దాల బల్లను కొడుతూ.

"ఎమర్జెన్సీ పెట్టిందెవరో అది గూడా చెప్పు. మీ చిన్నాయన్ను బస్టాండులో పట్టుకోని పోయి ఆపరేషను చేయించిందెవరో చెప్పు."

"మా చిన్నాయనకు అప్పటికే ఆరుగురు. మంచి పనే చేసిరి!"

"తూ, నీ నోట్లో మన్ను పడ!"

"సరే, నీ మొగోడెవరు? ఆ గోడమీదుండే పొట్టాయనేనా? ఏడాదిన్నర చేసి పోయినాడు. ఆయప్ప ఏం చేసినాడని రోజూ పూలు పెడతాండావు?"

నా కుర్చీకి ఎదురుగోడమీద లాల్ బహదూర్ శాస్త్రి పటం ఉంటుంది. నా చేత్తో టేకు ఫ్రేము కట్టి, పోయినాయన గనక గంధపు మాల వేసి పెట్టుకున్నాను. ఆయన్ని ఎవరన్నా ఒక మాట అంటే నాకు ఒళ్లు మండిపోతుంది. లేచి నిలబడి, వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూసేటంత గట్టిగా అరిచాను.

"అరియలూరులో రైలు పడితే రాజీనామా ఇచ్చినాడ్రా ఆయన! రైలు ఆయన నడిపినాడా? కట్ట ఆయన తెంపినాడా? అయినా నా కిందుండే పని, నాదే తప్పు అని కుర్చీ దిగినాడు. నాదే తప్పు అని చెప్పినోడు ఇంకొకణ్ని చూపించు ఈ దేశంలో. చూపించురా!"

"రైలు పడితే దిగినాడా?"

ఈ మాట అన్నది రామాంజులు కాదు. గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. నలభై ఏళ్లుంటాయి. భుజంమీద కంబళి, చంకలో తువ్వాలు చుట్టిన అట్ట. ఎంతసేపట్నించి ఉందో మేం చూసుకోలేదు.

"దిగినాడమ్మా. నీకేం కావాల?" అన్నాను.

లోపలికి వచ్చి శాస్త్రి పటాన్ని తేరిపార చూసింది. తర్వాత తువ్వాలు విప్పింది. పేరు సిద్దమ్మ అని చెప్పింది. పుట్టింది పులివెందుల దగ్గర వేములలో, ఇచ్చింది మైలవరం అవతల పల్లెకు. గొర్లు మేపే ఇల్లు. తెచ్చినవి రెండు ఫోటోలు. ఒకటి మొగుడు యల్లయ్యది. పోయిన ఏడాది జమ్మలమడుగు దారిలో జీపుమీద బాంబులు వేసినప్పుడు పోయిన మనిషి. రెండోది ఆ జీపు యజమానిది. వాళ్ల పల్లెలో ఆయన్ని పేరుపెట్టి పిలవరు, పెద్దాయన అంటారు. తెల్లచొక్కా, మెలితిప్పిన మీసం. ఆయన రెండు పార్టీలు మారాడు గానీ ఆ పల్లెలో ఓట్లు మాత్రం ఎప్పుడూ ఆయనవే.

"ఆయప్ప సొంత చేత్తో ఇచ్చినాడు ఈ ఫోటో. మీ ఆయన పక్కన పెట్టుకోమన్యాడు. సోమవారం మా ఆయన సంవత్సరీకం. రెండింటికీ పటాలు కట్టి, రెండింటికీ మాలెయ్యల్ల," అంది.

"రెండింటికీ యాడన్నా ఏస్తారా తల్లీ! పెద్దాయన బతికుండాడు గదా?"

"ఉండాడు."

"మరి?"

"అందుకే ఎయ్యమంటాండా."

రామాంజులు పేపరు మడిచి అక్కడే పెట్టేశాడు. "అంగట్లో పిల్లోడు ఒక్కడే ఉండాడు బావా" అని గొణిగి చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పోయాడు. ఇందిరమ్మకోసం నన్ను చంపడానికి వచ్చే మనిషి వాడు!

సిద్దమ్మ నేలమీద కూర్చుంది. ఏడవలేదు. చెప్పాల్సింది వరసగా చెప్పింది. ఆమెకు ఒక్కడే కొడుకు, రామన్న. పందొమ్మిదేళ్లు. సోమవారం పెద్దాయన వాళ్లింటికి వచ్చి, యల్లయ్య పటానికి దండం పెట్టి, రామన్నను జీపులో తండ్రి కూర్చున్న చోట కూర్చోబెట్టుకుని తీసుకుపోతాడు. ఊరందరి ముందు మాట ఇచ్చేశాడు. అది గౌరవమట.

"కాళ్లు పట్టుకున్యా అప్పా. 'నీ కొడుకును నా కొడుకు మాదిరి చూసుకుంటా' అన్యాడు. ఆయప్ప కొడుకు బెంగుళూరులో చదువుకుంటాండాడు. జీపెక్కేది మావాడు. వానికి చెప్తే, నాయిన పోయిన చోట నేను కూచ్చుంటా, నువ్వు నోరు మూసుకో అంటాడు."

"దీనికీ పటానికీ ఏం సంబంధం?"

"ఆయప్పకు శకునాలంటే బో భయం. పిల్లి ఎదురొస్తే జీపు ఎనక్కి తిప్పుకుంటాడు. ఒంటి తుమ్ము తుమ్మినోన్ని రెండు నెలలు దగ్గరికి రానీలా. ఆయప్ప బొమ్మకు బొట్టూ మాలా మా ఇంట్లో కనపడితే, ఆ ఇంటి పిల్లోన్ని జన్మలో జీపెక్కించుకోడు."

ఈమె బుర్ర ఏం బుర్ర! "ఆ తర్వాత నిన్ను బతకనిస్తారా? నన్ను బతకనిస్తారా? పటం కట్టినోడు ఎవడని అడగరా?" అన్నాను.

"దానికే వచ్చినా. నువ్వే వచ్చి మా గోడకు మేకులు కొట్టి తగిలియ్యల్ల. ఆయప్ప అడిగితే, రెండూ పోయినోళ్లవే అనుకున్యా, తప్పు నాదే అని చెప్పల్ల. ప్రొద్దుటూరు శెట్టివి, ఏ పార్టీ మనిషివీ కాదు. రెండు తిట్టి వదిలేస్తారు. శకునం మాత్రం శకునమే గదా."

"నా వల్ల కాదు. లే! లేచి పో! ఈ వీధిలో ఇంకో మూడు అంగళ్లు ఉండాయి," అని కసిరాను.

ఆమె లేవలేదు. తలెత్తి గోడవైపు చూసింది. "నాదే తప్పు అని చెప్పినోడు దేశంలో ఇంకొకడు ల్యాడని ఇప్పుడే అరుస్తాంటివే శెట్టీ. నేను ఇన్యా."

ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమెమీదా, నామీదా, గోడమీద మౌనంగా నవ్వే ఆ పెద్దమనిషిమీదా. ఆ కోపంలోనే అద్దం కోశాను. ఆ కోపంలోనే రెండు ఫ్రేములూ బిగించాను. యల్లయ్య నుదుట అద్దంమీద కుంకుమ పెట్టాను. పెద్దాయన నుదుట పెట్టేటప్పుడు బొట్టు కొంచెం పక్కకు జారింది. తుడిచి మళ్లీ పెట్టాను. రెండు గంధపు మాలలు వేసి, పేపర్లో చుట్టి, పురికొస కట్టి, సోమవారం వస్తానని సిద్దమ్మ చేతికిచ్చి పంపాను. ఇరవై రెండేళ్ల చట్టం ఆ పూట పోయింది.

సోమవారం జమ్మలమడుగు బస్సెక్కి, అక్కణ్నించి ఆటోలో వాళ్ల పల్లెకు చేరేసరికి పదకొండయింది. మా ఆవిడకు మైలవరంలో బాకీ పని ఉందని అబద్ధం చెప్పాను. దారి పొడుగునా ఒకటే మాట చదువుకున్నాను. తప్పు నాదే అన్నా. రెండూ పోయినోళ్లవే అనుకున్యా. తప్పు నాదే.

ఇంటి ముందు పందిరి. రెండు జీపులు. ముప్పై మంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. పెద్దాయన నులక మంచంమీద కూర్చున్నాడు. ఫోటోలో కంటే ముసలివాడు. రామన్న కొత్త తెల్లచొక్కా వేసుకుని ఆయన వెనక నిలబడి ఉన్నాడు. వాడి మొహం చూస్తే, పెండ్లికొడుక్కు కూడా అంత సంతోషం ఉండదనిపించింది.

నేను గోడకు రెండు మేకులు కొట్టాను. పటాలు విప్పబోతే రామన్న వచ్చి నా చేతిలోంచి లాక్కున్నాడు. "నేను పెడతా." పురికొస తెంపి, పేపరు చించి, తండ్రి పటం తగిలించాడు. అందరూ దండం పెట్టారు. రెండోది చించి, మొహం కూడా చూసుకోకుండా మేకుకు తగిలించి, గర్వంగా పక్కకు జరిగాడు.

ఎవరో "అయ్యో" అన్నారు.

పెద్దాయన లేచాడు. తన నుదుటిమీది కుంకుమను చూసుకున్నాడు. తన మెడలోని మాలను చూసుకున్నాడు. ఆ మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి తెలియకుండానే మెడదాకా పోయి ఆగింది.

"ఎవుడు సేసినాడు ఇది?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

సుత్తి నా చేతిలో ఉంది. మిగిలిన మేకులు నా నోట్లో ఉన్నాయి. ముప్పై మందీ నావైపు తిరిగారు. మేకులు ఉమ్మేసి, తప్పు నాదే అనాలి. రెండే రెండు మాటలు, దారంతా చదువుకున్నవి. నేను తలవంచి నా చెప్పులవైపు చూశాను.

"నేను సేసినా," అంది సిద్దమ్మ. "శెట్టికేం తెల్దు. పటాలు ఇంటికి తెచ్చినాక నేనే విప్పి బొట్టు పెట్టినా, నేనే మాలేసి మల్లా చుట్టినా. ఈయప్పను మేకులు కొట్టను పిలిస్తి."

"యాలమ్మే? ఎందుకు సేసినావు?"

"ఒకే జీపులో పోతిరి గదా అప్పా ఇద్దురూ. ఆయన పాయె, నువ్వు వస్తివి. ఆయనకు ఏసిందే నీకూ ఏసినా. నాకు తేడా తెలీలా."

జీపు డ్రైవరు ఆమెను చెంపమీద కొట్టాడు. ఆమె గోడకు తగిలి కింద కూర్చుండిపోయింది. రామన్న కదల్లేదు. ఆ దెబ్బ తనకే తగిలినట్టు వాడి మొహం నల్లబడిపోయింది, అయినా కదల్లేదు. ఇంకొకడు చెయ్యెత్తితే పెద్దాయన ఆపాడు. జాలితో కాదు, భయంతో. ఆమెను ముట్టుకుంటే ఆ కీడు తనకెక్కడ అంటుకుంటుందోనని రెండడుగులు వెనక్కి వేశాడు.

"పదండ్రా. ఈ ఇంట్లో మంచినీళ్లు గూడా తాగొద్దు. ఈ ఇంటి మనిషి నా జీపు తట్టు రాకూడదు, నీడ గూడా పడకూడదు," అన్నాడు.

"అప్పా! నేను వస్తా అప్పా! మాయమ్మకు మతి ల్యా!" అని రామన్న జీపు వెనక పరిగెత్తాడు. ఊరి చివరిదాకా పరిగెత్తి, దుమ్ము కొట్టుకుని తిరిగి వచ్చాడు. గోడమీది పటాలు రెండూ లాగి నేలకు కొట్టాడు. తల్లి మొహంమీద ఉమ్మేసి, "నాకు అమ్మ ల్యా. సచ్చిపాయ," అన్నాడు. నేను సుత్తి సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సు దారి పట్టాను.

నాలుగు నెలల తర్వాత సిద్దమ్మ అంగడికి వచ్చింది. మొగుడి పటం తెచ్చింది. ఫ్రేము విరిగింది, అద్దం లేదు, ఫోటో మాత్రం బాగానే ఉంది. రామాంజులు ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాడు. ఆమెను గుర్తుపట్టి ఈసారి లేవలేదు, వినాలని కూర్చున్నాడు. నాకది ఇంకా మంట.

"పిల్లోడు యాడుండాడు?" అన్నాను.

"పులివెందులలో, మా అన్న దగ్గర. బస్సు క్లీనరుగా పోతాండాడు. నాతో మాట్లాడడు. తింటాండాడంట. మా అన్న చెప్పినాడు."

"కోపం పోతుందిలే."

"పోకపోయినా ఫరవా ల్యా. ఉండాడు గదా."

కొత్త అద్దం కోశాను. కుంకుమ పెట్టి, మాల వేసి, పటం ఆమె చేతికి ఇచ్చేటప్పుడు ఇంక ఉండబట్టలేకపోయాను.

"సిద్దమ్మా, ఆ పొద్దు నేను నోట్లో మేకులు పెట్టుకోని... చెప్దామనే అనుకున్యా. ఇంతలోనే నువ్వు..."

ఆమె పటాన్ని తువ్వాల్లో చుట్టుకుంటూ నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

"నువ్వు చెప్పవని నాకు ముందే తెలుసులే అప్పా. అంగట్లో అంత గట్టిగా అరిసేటోడు ఆడ నోరు తెరుస్తాడా? మేకులు కొట్టను మనిషి కావల్ల, అందుకు పిలిస్తి," అని చెప్పి, గుమ్మం దిగి బస్టాండువైపు పోయింది.

రామాంజులు పేపరు మడిచాడు. నన్నూ, ఎదురుగోడనూ మార్చి మార్చి చూశాడు. తిడతాడనుకున్నాను. ఏదన్నా అంటే సుత్తితో కొడదామనే ఉన్నాను. వాడు టీ చల్లారిపోయిందని చెప్పి తన అంగడికి వెళ్లిపోయాడు.

నేను ఆ పటానికి వీపు వచ్చేటట్టు నా కుర్చీని తిప్పేసుకున్నాను. ఇప్పుడు నాకు ఎదురుగా వీధి కనిపిస్తుంది.