అంతయ్య తీసిన ఆరా

మంథని అంతయ్యకు అల్లుళ్లంటే భయం. నవ్వితే నవ్వండి గానీ, ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. పెద్దబిడ్డ కనకవ్వను నలుగురి మాట నమ్మి బోథ్‌లో ఇచ్చాడు. పిలగాడు బంగారం అన్నారందరూ. ఆ బంగారానికి యవత్మాల్‌లో ముందే ఒక పెళ్లాం, పిల్లలు ఉన్నారని పెళ్లయిన ఏడాదికి గానీ బయటపడలేదు. అప్పటినుంచి కనకవ్వ పుట్టింట్లోనే తలెత్తకుండా నూలు కండెలు చుడుతోంది. ఆ వంచిన తల చూసినప్పుడల్లా అంతయ్యకు తన చెంపలు తానే వాయించుకోవాలనిపించేది.

ఇప్పుడు చిన్నబిడ్డ లస్మవ్వకు కరీంనగర్ నుంచి సంబంధం వచ్చింది. తెచ్చినవాడు నూలు అమ్ముకునే లక్ష్మీరాజం. పిలగాడి పేరు సిద్దిరాములు. తమ సాలె కులమే, సొంత మగ్గం, ఇంట్లో తల్లి తప్ప ఎవరూ లేరు, హార్మోనియం బాగా వాయిస్తాడు. ఈ చివరి ముక్క దగ్గరే అంతయ్య మనసు కొక్కేనికి తగులుకుంది.

"పెట్టె వాయించెటోడు ఇంటిపట్టున ఉంటడా? యాడ యాడ తిరుగుతడో, ఎవలెవలతోటి తిరుగుతడో" అన్నాడు భార్యతో.

లస్మవ్వ మగ్గం గుంటలో కూర్చుని వింటోంది. వేములవాడ జాతరలో ఆ పిలగాణ్ని ఒకసారి చూసింది, అతను పేరడిగితే చెప్పింది. తండ్రి ఏమంటాడోనని ఆమె చేతిలో పని ఆగిపోయింది. ఆమెకు ఇష్టమేనని ఇంట్లో అందరికీ తెలుసు, అంతయ్యకూ తెలుసు. తెలుసు కాబట్టే ఆయనకు ఇంకా భయం.

మా దిక్కు ఆరా తీయడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లనిచ్చే మాట బయటపెట్టకూడదు. సంబంధమని తెలిసిందా, మంచివాళ్లు లేని గుణాలు అంటగడతారు, ఓర్వలేనివాళ్లు ఉన్న గుణాలు మింగేస్తారు. అందుకని పిలగాడి గడప తొక్కకుండా, దారినపోయేవాడిలా ఊళ్లో నలుగురినీ అడిగి రావాలి. అంతయ్య ఈ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించదలచుకున్నాడు. పైగా పట్నంలో ఉత్త ధోతి మనిషిని ఎవడు లెక్కచేస్తాడని, తెలిసిన చప్రాసీ దగ్గర ఖాకీ కోటు, బూట్లు అడిగి తెచ్చుకున్నాడు. బూట్లు కరుస్తున్నా విప్పలేదు, అంత మర్యాద మరి.

పోలీసు యాక్షనై రెండేళ్లు కావస్తున్న రోజులవి. ఎవరి గురించైనా ఎవరైనా అడిగితే ఎందుకడుగుతున్నాడని పదిమంది ఆలోచించే కాలం. మగ్గం తప్ప మరో లోకం ఎరగని అంతయ్యకు ఈ సంగతి తట్టనే లేదు.

గురువారం పొద్దున కరీంనగర్‌లో బస్సు దిగి నేరుగా సాలెవాడకు వెళ్లాడు. ఇరుకు సందు, ఇంటింటా మగ్గాల చప్పుడు. సందు చివర భజన మందిరంలో ముసలివాళ్ల తాళాలు, హార్మోనియం కలిసి మోగుతున్నాయి. ఆ వాయిద్యానికి తగ్గట్టు మగ్గాల మీద చేతులు ఆడుతున్నట్టుంది. అంతయ్యకు ప్రాణం లేచొచ్చింది. మందిరం అరుగు మీద ముసలాయన ఒకడు నూలు చిక్కు తీస్తుంటే పక్కన నిలబడ్డాడు.

"సిద్దిరాములు అనే పిలగాడు గీ వాడలనే ఉంటడట గదా?"

ముసలాయన కోటు చూశాడు, బూట్లు చూశాడు, చివరికి మొహం చూశాడు. లోపల హార్మోనియం ఆగిపోయింది, తాళాలు ఆగిపోయాయి.

"నీదేవూరయ్యా?"

"మంథని దిక్కు."

"వానితోటి నీకేం పని?"

"పనేం లేదు. ఊకె అడిగిన."

"గా పేరుగలోడు మా వాడల లేడు" అని ముసలాయన నూలు చుట్టబెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అంతయ్య సందు దాటుతూ లెక్క వేసుకున్నాడు. సొంత కులపోళ్లే వాడి పేరు ఎత్తడానికి ఇష్టపడటం లేదంటే వాడెంత ఘనకార్యం చేసి ఉండాలి? లక్ష్మీరాజం మొన్ననే ఈ వాడలో వాణ్ని చూసొచ్చానన్నాడు మరి. ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు.

గంజ్ బజారులో ఖాసిం సాబు హోటలుంది. సాలెవాడకూ దీనికీ పోలికే లేదు. నూనె పీపాలు, ధాన్యం బస్తాలు, సాసర్లలో చాయ్ ఊదుకుంటూ తాగే హమాలీలు, గ్రామఫోను మీద ఎవరో ఉర్దూలో తీయగా ఏడుస్తున్న పాట. అంతయ్య ఈసారి తెలివి చూపించాడు.

"హార్మోనియం సిద్దిరాములు నా దోస్తు. ఇక్కడికే వస్తడని చెప్పిండ్రు" అన్నాడు.

ఖాసిం సాబు లేచి వెళ్లి రికార్డు మీద ముల్లు ఎత్తేశాడు. హోటలంతా చప్పబడిపోయింది.

"వచ్చెటోడు. ఇప్పుడు రాడు సాబ్. పక్కా షరాబీ. తాగి తాగి పెట్టె సుత అమ్ముకున్నడు. బొంబయి పోయి ఏడాదాయె."

"ఆర్నెల్లు" అన్నాడు సరిగ్గా అప్పుడే పక్కనున్న హమాలీ. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఔ, ఆర్నెల్లే. మీరు పరేషాన్ గాకుండ్రి. ఎవ్వలికి పనికిరాని మనిషి వాడు" అని ఖాసిం సాబు గల్లా దగ్గర కూర్చున్నాడు. మళ్లీ పాట పెట్టలేదు.

అంతయ్యకు ఒళ్లు మండిపోయింది. ఒకడు అసలు లేడంటాడు, ఒకడు బొంబయి పోయాడంటాడు, మధ్యలో తాగుబోతట. దోస్తునన్న వాడి మొహం మీదే ఇంత చెబితే వెనుక ఇంకెంత ఉందో. తాగేవాడైతే కల్లు దగ్గర దాగుతుందా అని అక్కడికీ నడిచాడు, మడమలు బొబ్బలెక్కుతున్నా సరే.

మానేరు దారిలో ఈతచెట్ల కింద కల్లు దుకాణం. పొద్దు వాలుతోంది. ఒగ్గుకథ వాళ్లు డోళ్లు ముందేసుకుని రాబోయే దేవుడి కొలుపు కోసం దరువు సరిచూసుకుంటున్నారు. ఉడికించిన శనగల గుడాలు అమ్మే పోశవ్వ అంతయ్యకు పీట వేసింది, దొప్ప నిండా గుడాలు పెట్టింది. రోజంతటిలో మనిషిలా చూసింది ఆమె ఒక్కతే. సిద్దిరాములు పేరు ఎత్తగానే మాత్రం ఆమె చేయి గంపలోనే ఆగిపోయింది. అటూ ఇటూ చూసి దగ్గరికి జరిగింది.

"అయ్యా, నీకు దండం పెడ్త. గా పిలగానికి పెండ్లాం ఉన్నది. ఇద్దరు పసిపిల్లలు. మల్ల కడుపుతోటి ఉన్నది. వాడు లేకపోతే అందరు సస్తరు. జర వాని జోలికి పోకు."

అంతయ్య చేతిలో దొప్ప వంగి గుడాలు కిందపడ్డాయి.

"నిజమేనా?"

"నా పిల్లల మీద ఒట్టు."

మళ్లీ అదే. బోథ్ అల్లుడే వేరే మొహం పెట్టుకుని వచ్చాడు. కనకవ్వ వంచిన తల పక్కన లస్మవ్వ తల కూడా వంగి కనబడింది. దేవుడే ఈ బూట్లు తొడిగించి తనను ఇక్కడికి పంపాడనుకున్నాడు. లక్ష్మీరాజాన్ని మంథని నడిబజారులో నిలబెట్టి కడిగేయాలనుకున్నాడు. కోపానికి కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి.

బస్సు కోసం ముకరంపుర మీదుగా పోతుంటే దర్గాలో ఖవ్వాలీ వినబడింది. గురువారం కదా. సాంబ్రాణి పొగ, చప్పట్లు, వాటి కిందుగా హార్మోనియం. అంతయ్య ఆగాడు. ఆగకుండా పోవడం ఎవరి తరమూ కాదు, ఆ వాయింపు అలా ఉంది. లోపలికి తొంగిచూస్తే, నెత్తికి రుమాలు కట్టుకుని పెట్టె వాయిస్తున్న పిలగాడి కనుబొమ్మ మీద గాటు. నేసేటప్పుడు మగ్గం నాడె ఎగిరి తగిలిన మచ్చ ఉంటుందని లక్ష్మీరాజం చెప్పిన ఆనవాలే. ఇద్దరు పిల్లల తండ్రి ఇంత హాయిగా ఎలా వాయిస్తాడురా అని ఆయన కడుపు రగిలిపోయింది.

జనాన్ని తోసుకుని ముందుకెళ్లి, "సిద్దిరాములు నువ్వేనా?" అన్నాడు.

పిలగాడు తలెత్తి కోటు చూశాడు. వేళ్లు మెట్ల మీదే బిగుసుకున్నాయి. మరుక్షణం లేచి, వెనక గోడ దూకి మాయమయ్యాడు. చేయని తప్పుకు ఎవడైనా ఉరుకుతాడా? అంతయ్యకు ఇంక సాక్ష్యమే అక్కర్లేదనిపించింది. వెంటపడబోతే, పాడుతున్న ముసలాయన ఉస్మాన్ మియా అడ్డంగా నిలబడ్డాడు.

"మీది ఏ ఠాణా సాబ్?"

"ఠాణా ఏంది?"

"నిరుడు గిట్లనే ఒగడు వచ్చిండు. గిట్లాంటి కోటే. సాలెవాడల అడిగిండు, గంజ్‌ల అడిగిండు, కల్లుకాడ అడిగిండు. ఊకె అడుగుతున్న అనెటోడు. వారం తిరగకముందే వీని అన్న మల్లన్నను పోలీసోళ్లు ఎత్తుకపోయిండ్రు, కమ్యూనిస్టులకు పాటలు కట్టిండని. ఇప్పటిదాంక పత్తా లేదు. ఇప్పుడు వీడు సుత కావాల్నా?"

అంతయ్యకు ఒక్క నిమిషం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ కోటు ఒంటిమీద ఉంచుకోలేకపోయాడు, అక్కడే విప్పి పడేశాడు.

"నేను సాలోన్ని మియా. నా బిడ్డను గా పిలగానికి ఇద్దామని వచ్చిన. పెండ్లాం పిల్లలున్నరని చెప్పిండ్రు."

"ఎవలు?"

"పోశవ్వ. పిల్లల మీద ఒట్టేసింది."

"పోశవ్వకు పిల్లలెక్కడున్నరు?" అన్నాడు ఉస్మాన్ మియా. "పెండ్లాం లేదు, పిల్లల్లేరు. తాగుడు సుత లేదు. జాలిపడి వదులుతవని చెప్పింది పాపం."

ఆయన నమ్మాడో లేదో మొహంలో కనబడలేదు గానీ ఇల్లెక్కడో చెప్పాడు. అంతయ్య బూట్లు చేతబట్టుకుని ఉరికాడు. ఆ వయసులో అలా ఎన్నడూ ఉరకలేదు.

సాలెవాడలో ఆ ఇంటి తలుపు సందులోంచి సిద్దిరాములు తల్లి రామవ్వ చూసింది.

"సిద్దిరాములు ఇంటికొచ్చిండా?"

"నాకు కొడుకులే లేరు."

"అక్కా, నేను మంథని అంతయ్యను. లక్ష్మీరాజం చెప్పిన సంబంధం మాదే. మేం సుత సాలోళ్లమే."

"నిరుడొచ్చినోడు సుత సాలోన్నే అన్నడు."

తాను తానేనని అంతయ్య ఏం చూపించి నమ్మించాలి?

తలుపు వేయబోయి ఆమే అడిగింది. "పిల్ల పేరేంది?"

"లస్మవ్వ. వేములవాడల చూసిండట."

రామవ్వ తలుపు బార్లా తీసింది. వచ్చి గడప మీద కూర్చుంది.

"గా పేరే చెప్పిండు అన్నా. జాతర నుంచి వచ్చినకాంచి గా పేరే."

"దర్గా కాంచి ఉరికిండక్కా. నన్ను చూసి ఉరికిండు. ఇంటికొస్తడు గదా? చెప్పు, నేను కాళ్లు పట్టుకుంట."

"రాడు. పెద్దోడు పోయినంక నేనే చెప్పిన. ఎవలన్న నీ పేరడుగుతున్నరని తెలిస్తే ఇంటికి రాకు. పెద్దపల్లి టేషన్ పోయి ఏ రైలుబండి దొరికితే గది ఎక్కు. యాడికి పోతున్నవో నాకు సుత చెప్పకు, నన్ను కొడితే చెప్పేస్తనేమో అంటి."

పక్క ఇళ్ల మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరూ బయటికి రాలేదు. అంతయ్య ఆమె ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు.

రామవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

"ఊరంత అడిగినవు అన్నా. నా ఇంటికొచ్చి నన్నొక్క మాట అడగకపోతివి. పొద్దుగాల వాడు గీ ఇంట్లనే బువ్వ తింటుండె."