గోడలో బిగిసిన నీడ

ఇందులో ప్రతి అక్షరం నిజం. కాదన్నవాళ్ళ ఇంటి పూత వచ్చే చలికాలానికల్లా పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. తరవాత నన్ననుకుని లాభం లేదు.

ఆ ఏటి చలి సంగతి ఏమని చెప్పను! పొయ్యిలో నిప్పే "కాస్త దగ్గరికి జరగండమ్మా" అని మనుషుల్ని బతిమాలుకునేది. అంత చలిలోనూ తాపీమేస్త్రి రోజూ తెల్లారేసరికి నీళ్ళు గోరువెచ్చగా కాచి, ఇసుక పెనం మీద వేడిచేసి, సిమెంటు మాలు కలుపుకుని పనికి దిగేవాడు. చన్నీళ్ళ మాలుతో బయటి గోడ పూస్తే పొద్దుగూకినా బిగవదు. బిగవకముందే మంచు పడిందా, లోపలి తడి గడ్డకట్టి ఉబ్బుతుంది. చలి విరిగేసరికి పూతంతా గోడని వదిలేసి నేలమీద పడుకుంటుంది.

మేస్త్రికి ఇంకో వెసులుబాటు ఉండేది. వాళ్ళ అత్తగారి నీడ వెచ్చన. కొందరి చెయ్యి వంటకి మంచిది, కొందరి కాలు ఇంటికి మంచిది, ఆవిడ నీడ పూతకి మంచిది, అంతే. తడిగోడకి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని, వీపుకి ఎండ తగిలేలా కూర్చునేది. నీడ పడ్డ మేరకల్లా పూత కోడి కింద గుడ్డులా వెచ్చబడి బిగుసుకోసాగేది. అక్కడ పూర్తిగా బిగిసేలోపే లేచి, పీట ఇంకో చోటికి జరుపుకునేది. వీధిలోని పిల్లులన్నీ ఆ నీడలోనే కాపరం.

ఒక్కటే కట్టుబాటు. ఆవిడ కూర్చునే రోజున మాలు చన్నీళ్ళతో కలపాలి, త్వరగా బిగవటానికి వేసే పొడి ముట్టుకోకూడదు. నీడ లేచేదాకా పూత పూర్తిగా బిగవకుండా ఆగాలి కదా!

ఆ ఏడు అత్తగారికి దగ్గు పట్టుకుంది. అదేమన్నా మామూలు దగ్గా? ఆవిడ దగ్గితే మూడో వీధిలో గిన్నెలు దొర్లేవి. వైద్యుడు వచ్చి, ఛాతీ విని, కూతుర్ని గుమ్మం బయటికి పిలిచి, "ఈ చలి దాటటం కష్టమమ్మా" అన్నాడు.

"ఇంక అమ్మని గోడల దగ్గరికి తీసుకెళ్ళావంటే నీ తాపీతో నీకే పూత పూస్తాను," అంది కూతురు మొగుడితో.

"నేను తీసుకెళ్ళటమేంటే? ఆవిడే వస్తుంది."

"వస్తే వెనక్కి పంపు. నోరుంది కదా, తినటానికేనా?"

వెనకవీధి చివరి ఇంటి గోడ ఒకటి మిగిలింది. రాత్రికి మంచు తప్పదని ఆకాశం చెబుతూనే ఉంది. అత్తగారిని కష్టపెట్టకూడదనుకున్నాడు మేస్త్రి. వేడినీళ్ళు పోశాడు, పొడి వేశాడు, భయానికి ఇంకో గుప్పెడు వేశాడు. అల్లుణ్ణి అవస్థలో వదలకూడదనుకుంది అత్తగారు. కూతురి కళ్ళుగప్పి, పీట చంకన పెట్టుకుని వచ్చి, అతను అవతలి మూల పూస్తుంటే ఇవతల చడీచప్పుడు లేకుండా కూర్చుంది. చెప్పకుండా సాయం చెయ్యటం ఆ ఇంటిల్లిపాదికీ ఉన్న జబ్బు.

మేస్త్రి మూల తిరిగి చూశాడు. చేతిలో తాపీ జారిపోయింది.

"అత్తయ్యా, లేవండి! పొడి వేశాను!"

"చంపావు కదయ్యా!"

ఆవిడ లేచింది. నీడ లేవలేదు.

పాతగుడ్డ చిరిగిన చప్పుడొకటి ఆవిడ పాదాల దగ్గర వినిపించింది. గోడమీద నీడ పీటతో సహా కూర్చునే ఉంది. మేస్త్రి గోటితో గీకి చూశాడు. రాయి. పిల్లులు లేచి, తోకలు దించుకుని, ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోయాయి.

అప్పుడు గోడ దగ్గింది.

అత్తగారు ఛాతీమీద చెయ్యి వేసుకుంది. ఊపిరి పీల్చింది. ఇంకా లోతుగా పీల్చింది. గరగర లేదు. గోడమీద మాత్రం, నీడ రొమ్ము దగ్గర, వెంట్రుకవాసి బీట పడింది.

"ఉండండత్తయ్యా, సుత్తి తెస్తాను. పూత కొట్టేసి మీ నీడ మీకు ఇప్పించేస్తాను," అన్నాడు మేస్త్రి.

"ఏం, దగ్గు మళ్ళీ నాకే అంటగట్టాలని అంత తొందరా?"

"పాపం కదా, ఆ నీడ?"

"పాపమే." ఆవిడ గోడవైపు చూడకుండా పీట చంకన పెట్టుకుంది. "పద అల్లుడూ, ఆకలేస్తోంది."

నెలల తరబడి ఆవిడ నోట రాని మాట అది. ఇద్దరూ నడిచారు. వెనక ఎవరో పీట కాస్త ముందుకు జరుపుకున్న చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూడలేదు.

ఆ చలి దాటింది. ఆ తరవాతి చలులూ దాటాయి. చావు కబురు చల్లగా చెప్పిన ఆ వైద్యుడే పోయాడు, అతని కొడుకు జుట్టు నెరిసింది, ఆవిడకి ఇంతవరకు తుమ్మయినా రాలేదు. ముసలితనమంతా గోడకే. నీడకి నడుం వంగింది, మెడ వాలింది. చలికాలం వస్తే మేస్త్రి వెళ్ళి బీటల్లో గోరువెచ్చటి మాలు మెత్తగా నింపి, గబగబా వచ్చేస్తాడు. పూత పూర్తిగా రాలిననాడు ఏమవుతుందని ఆ ఇంట్లో ఎవరూ అడగరు.

సరే, ఇంతసేపూ కూర్చుని విన్నావు, ఇక లే. ఎలాగూ వెనకవీధిలోంచే పోతావుగా, ఈ బొంత తీసుకెళ్ళి ఆ గోడకి కప్పు. గొంతుదాకా కప్పు, మొహం మీద వెయ్యకు, ఊపిరాడదు. కప్పేటప్పుడు మాత్రం నీ నీడ దాని పక్కన పడనివ్వకు. ఒంటరిగా ఉండి ఉండి దానికి తోడు మీద యావ పుట్టింది.