తెర ఎటు లాగాలి

ఉదయం పదకొండింటికి రిహార్సల్లో గంట మోగింది. తెర కదలలేదు. వేదిక మీద కోటు మార్చుకోబోయిన నటి ఒక చెయ్యి కోటులోంచి తీసి ఆగిపోయింది.

అది జర్మనీలోని నాటకశాల. తెర తాళ్ల దగ్గర ఇద్దరు పనివాళ్లున్నారు. వాళ్లకు జర్మన్ ఒక్కటే వచ్చు. గంట మోగగానే తెర తియ్యాలని ఉన్న కాగితం చూపించారు. తెర అప్పటికే తీసి ఉంది.

నాటకం ఇంగ్లిషులో రాసినది. పనివాళ్ల కోసం సూచనలను జర్మన్‌లోకి మార్చింది నటి వదిన. ఆమె ముందు వరసలో ఉంది.

"వదినా! సాయంత్రం కూడా ఇంతేనా? టికెట్ కొన్నవాళ్లందరి ముందూ నేను బట్టలు మార్చుకోవాలా?"

"అరవకే. నీ కేకకి తెర దానంతటదే పడేట్టుంది." వదిన ఇంగ్లిషు ప్రతి తెరిచింది. "గంట మోగే రెండుచోట్లా 'డ్రా' అనే ఉంది. మొదటి గంటకి తెర వెయ్యాలి, రెండో గంటకి తియ్యాలి. నేను రెండుచోట్లా 'ఆఫ్‌త్సీయెన్' అని రాశాను. అంటే తియ్యడం."

"రెంటికీ ఒకే మాటా?"

"మనం తెర లాగు అంటే ఎటని తెలుస్తుందా? అలాగే."

నాటకం రాసిన దర్శకుడు వెనక నుంచి అన్నాడు. "డ్రా అంటే డ్రానే కదండీ. దీనికింత గొడవేమిటి?"

"తమరు రాసి ఊరుకున్నారు. కోటు విప్పేది మా మరదలు."

ఆట ఆరింటికి. వదిన పెన్సిల్ తీసుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. 'డ్రా' కనబడిన ప్రతిచోటా ముందు తెలుగు రాసింది. సుద్దతో వలయం గీయి. కుర్చీ లాగు. కత్తి దూయి. ఆ తర్వాతే జర్మన్. మొదటి గంట దగ్గర 'వేయి' అని రాసి, పక్కన 'త్సూత్సీయెన్' అని పెట్టింది. నాటకంలో బావి నీళ్లు తోడే చోట పాత జర్మన్ మాట కొట్టేసింది.

"అక్కడ ముందేం రాశావు?" అంది మరదలు.

"గీయమని."

"నీళ్లు గీసి పోస్తే నా దాహం తీరినట్టే! ఇప్పుడో?"

"తోడమన్నాను. ఇంకా దెప్పావంటే రెండో గంటక్కూడా వెయ్యమని రాస్తా. లోపలే ఉందువుగాని."

సాయంత్రం ఆటలో మొదటి గంట మోగింది. తెర మూసుకుంది. రెండో గంటకు తెరుచుకుంది. నటి నీలం కోటులో నిలబడి ఉంది. బొత్తాలన్నీ పెట్టి ఉన్నాయి. ఒకటి తప్పు కాజాలో ఉంది.